గోళ్లరంగు చుక్క

పిడుగు గుర్తు వచ్చింది. వచ్చిందంటే ఛార్జింగ్ ఎక్కుతున్నట్టే, ఎక్కుతోందంటే కేబుల్ బతికున్నట్టే, మరి కేబుల్ బతికుంటే ఈ లాప్‌టాప్‌కి ఏం మాయరోగం, పక్కనే టాబ్లెట్ పెట్టి తాడేసి కట్టినట్టు కట్టినా దారినపోయేదాన్ని చూసినట్టు చూస్తుందేం? అంచులక్క కేబుల్ పీకింది, తిరగేసి పెట్టింది. ఈ కొత్తరకం మూతికి పైనా కిందా తేడా లేదని, ఎటు పెట్టినా దూరుతుందని తెలుసు, తెలిసే తిరగేసింది, మనిషన్నాక ఏదో ఒకటి చెయ్యాలిగా. మళ్లీ పిడుగు గుర్తు. లాప్‌టాప్ వైపు నుంచి మాత్రం టింగుమనే ఆ చిన్న చప్పుడు రాలేదు. అది వస్తే చాలు, తెరమీద ఓ మూల చిన్న పెట్టె తెరుచుకుంటుంది, అందులో పద్నాలుగు ఫైళ్లు ఉంటాయి, పద్నాలుగూ పట్టి ఇటు లాగితే రెండు నిమిషాల పని. గోడ గడియారం పదీ ఐదు చూపిస్తోంది. పదకొండింటికి కింద షోరూములో డీలర్లు కూర్చుంటారు, ఇరవైమందికి పైనే, ఏడాదికి ఒక్కసారి వస్తారు, పెద్ద తెరమీద ఒక్కో టైల్ డిజైనూ చూసి ఇది కావాలి అది వద్దు అని తేల్చేసి పోతారు. ఇవాళ తెరమీద పడనిది ఈ ఏడాదికి లేనట్టే. ఏడు నెలలు నడుం పడిపోయేలా కూర్చుని గీసిన పద్నాలుగు డిజైన్లూ ఈ టాబ్లెట్ కడుపులో ఉన్నాయి, బయటికి రామంటున్నాయి.

సరే, ఈ పక్క రంధ్రం పాడైందేమో, ఎడంపక్క ఇంకొకటి ఉందిగా. అక్కడ పెట్టింది. పిడుగు, అంతే. రెండూ ఆపి మళ్లీ వేద్దాం, కంప్యూటర్లు చూసే ఆయన ఎప్పుడూ అడిగే మొదటి మాట అదే, ఆపి వేశారా అండీ, కొంపలంటుకున్నా ఆయన అదే అడుగుతాడు. లాప్‌టాప్ ఆరి వెలిగేలోపు ఆమె చూపు గదంతా తిరిగొచ్చింది. ఆరు బల్లలు, ఐదు ఖాళీ. అందరూ కిందికి పోయారు, శాంపిల్ టైళ్లు వరసగా పేర్చి తుడవడానికి. పోయేముందు ఎవరి కేబుల్ వాళ్లు సొరుగులో పెట్టి తాళం వేసుకుని మరీ పోయారు, ఇప్పుడు ఇదో కొత్త పద్ధతి. వాళ్ల డిజైన్లు నిన్ననే లాప్‌టాపుల్లోకి ఎక్కాయి. ఆమె ఒక్కతే ఇవాళ పొద్దున దాకా పదమూడో డిజైన్ అంచు దగ్గర కొట్టుకుంటూ ఉండిపోయింది. అంచంటే ఆమెకు పట్టింపు. నాలుగు టైళ్లు పక్కపక్కన పరిస్తే ఒకదాని మీది గీత రెండోదాని మీదికి నడిచి వెళ్లినట్టుండాలి, అతుకెక్కడో వేలు పెట్టి వెతికినా దొరక్కూడదు. పందొమ్మిదేళ్లుగా అదే పని, అదే పిచ్చి. కొత్తగా చేరినవాళ్లు గీసినవి కూడా చివరికి ఆమె బల్ల మీదికే వస్తాయి, అక్కా ఈ అంచు కాస్త చూసిపెట్టవూ అంటూ. అలా అలా అసలు పేరు జీతం కాగితం మీద మిగిలిపోయింది, జనం నోట్లో అంచులక్క అయి కూర్చుంది. అసలు పేరుతో పిలిస్తే ఇప్పుడు ఆమే పలకదు.

వెలిగింది లాప్‌టాప్. వెలిగి ఏం లాభం, అదే మొద్దు మొహం. కేబుల్ని చేతిలోకి తీసుకుని ఈ కొసనుంచి ఆ కొసదాకా వేళ్లతో నొక్కుకుంటూ వచ్చింది, ఎక్కడైనా లోపల తెగిందేమోనని. తెల్లగా బొద్దుగా పాలుతాగిన పిల్లలా ఉంది, ఎక్కడా నలగలేదు, ఐదు రోజులైంది చేతికొచ్చి. వదిన తెచ్చి ఇచ్చింది. అమ్మాయ్, నీకోసం వేరేగా తీసి ఉంచానే, మిగతావాళ్లందరివీ నల్లవి, నీ ఒక్కదానిదే తెల్లది, ఎవరూ కొట్టెయ్యకుండా ఇదిగో గుర్తు కూడా పెట్టా అని మూతి దగ్గర చూపించింది, కందిగింజంత ఎర్రచుక్క. వదిన గోళ్లరంగు. స్టోరులో జిగురు డబ్బాలూ ఇసుక కాగితాలూ లెక్కరాసే చేతులకి ఎర్రరంగేంటి తల్లీ అని తను ఏడిపిస్తే, మనిషికి ఎలాగూ సినిమాకి వెళ్లే యోగం లేదు, చేతులైనా వెళ్లినట్టుండనీ అంటుంది. ఈ ఐదు రోజులూ ఛార్జింగ్ పెట్టుకున్నప్పుడల్లా ఆ చుక్క చూసి నవ్వుకుంది. పక్కబల్ల పిల్లకి చూపించి మా వదిన నాకు స్పెషల్‌గా ఇచ్చింది అని గొప్పలు కూడా పోయింది. ఆ పిల్ల ఒక్క క్షణం చూసి, అవునా అక్కా అని తలొంచుకుని పనిలో పడిపోయింది. కుళ్లుకుంటోంది అనుకుంది తను.

వదినంటే అన్నయ్య భార్య అని ఒక్కమాటలో చెప్పేస్తే సరిపోదు. అన్నయ్యకి ఒళ్లు బాగాలేక ఉద్యోగం మానేసిన ఏడాది, వదినని ఇక్కడికి తీసుకొచ్చింది తనే. ఈ కంపెనీలో ఒక పద్ధతి ఉంది, ఓనరు పెద్దాయన, ఆయన తండ్రి కాలం నుంచి వస్తోంది, గేటులోకి కొత్తమనిషి అడుగుపెట్టాలంటే లోపలి మనిషి ఒకరు హామీ కాగితం మీద సంతకం పెట్టాలి, ఈమె మంచిచెడ్డలకు నాదే బాధ్యత అని. చదువు కాగితాలు తర్వాత, ముందు అది. తను ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. పెద్దాయన కళ్లద్దాల మీదుగా చూసి, బంధువులని పెడుతున్నావా, తెలిసే పెడుతున్నావా అనడిగితే, నాకంటే బాగా ఎవరికి తెలుసు సార్ అంది. పదకొండేళ్లయింది. పదకొండేళ్లుగా మధ్యాహ్నం ఒంటిగంటకి రెండు డబ్బాలూ ఒక్కచోట తెరుచుకుంటాయి, నీదాంట్లో ఉప్పెక్కువైంది, నీదాంట్లో అసలు ఉప్పే లేదు, పోనీ రెండూ కలిపేద్దాం అని నిజంగానే కలిపేసుకు తిన్న రోజులున్నాయి. తనకి ఆపరేషన్ అయినప్పుడు తల దువ్వింది వదినే. ఏడ్చే పని ఉంటే ఒకళ్లకొకళ్లు ఫోన్ చేసుకుని, ఫోనులో ఏడుపు మర్చిపోయి అన్నయ్య గురకని తిట్టుకుని నవ్వుకున్నవాళ్లే ఇద్దరూ.

పదీ పదిహేను. టాబ్లెట్ సెట్టింగుల్లోకి వెళ్లింది. మామూలుగా అయితే కేబుల్ పెట్టగానే అదే అడుగుతుంది, దీన్ని ఛార్జింగుకి వాడమంటావా, ఫైళ్లు పంపడానికి వాడమంటావా అని. ఇవాళ అడగడం మానేసింది, అలిగినట్టు. వెతగ్గా వెతగ్గా ఆ వరస దొరికింది కానీ ఫైళ్లు పంపడం అన్న మాట పాలిపోయి బూడిదరంగులో ఉంది, వేలరిగేలా నొక్కినా కిమ్మనదు. మూతిలో దుమ్ము చేరిందేమోనని పళ్లపుల్ల తీసి, ఊపిరి బిగబట్టి, శిశువు చెవి తుడిచినంత జాగ్రత్తగా తుడిచింది. కాస్త నూలుపోగు వచ్చింది. ఆహా దొరికావు అనుకుంది, మళ్లీ పెట్టింది, పిడుగు. ఆ పిడుగేదో నా నెత్తిన పడినా బాగుండు అని పైకే అనేసింది, ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది. సొరుగు లాగింది. పాత కేబుళ్లన్నీ చిక్కుపడి ఉన్నాయి, ఒకటి ఫోనుది, దాని మూతి మరీ సన్నం, ఒకటి పాత టాబ్లెట్‌ది, ఇటు సరిపోతే అటు సరిపోదు, ఒకటి దేనిదో దాన్ని పెట్టినవాళ్లకే తెలియాలి. లోకంలో ఇన్ని మూతులెందుకు పుట్టించారో, ఒక్కటి చేస్తే వీళ్ల సొమ్మేం పోయింది, తీరా ఒక్కటి చేశారు అనుకునేసరికి అది లోపల ఇంకోలా తగలడింది. అడుగున చిన్న ముక్క తగిలింది వేలికి, ఒక మూతిని ఇంకో మూతిగా మార్చే ముక్క, బూడిదరంగుది. డిజైన్లకి రంగులు వేసే రంగులాయనది అది. పోతూ పోతూ వదిలేసి పోయాడు.

ఆ ముక్కని పాత కేబుల్‌కి తగిలించింది, వెడల్పు మూతిని లాప్‌టాప్‌లో దూర్చింది. ఈసారి లాప్‌టాప్ వెంటనే పలికింది, పలికి తెరనిండా ఎర్రగీత వేసింది, ఈ రంధ్రం వాడటానికి మీకు అనుమతి లేదు అని. మర్చేపోయింది. వెడల్పు రంధ్రాలన్నీ మూసేశారుగా, పెన్‌డ్రైవులు పెట్టకుండా, గాలిలోంచి పంపుకునేవి కూడా మూసేశారు, అంతా ఇచ్చిన కేబుల్‌తోనే జరగాలట. ఈ ఎర్రగీతల గొడవంతా ఆ దొంగతనంతో మొదలైంది. క్రితం ఏడాది ఆమె గీసిన ఆకుల డిజైను, ఇంకా తమ మిషను మీదికి ఎక్కకముందే, అవతలి కంపెనీ వాళ్ల టైల్ మీద బజారులో కనిపించింది. తెచ్చి బల్లమీద పెట్టారు. అందరూ రంగు చూశారు, ఆమె అంచు చూసింది. కుడి అంచు దగ్గర ఒక ఆకు ఈనె వెంట్రుకవాసి కిందికి దిగి ఉంది. అది తన తప్పే, చివరిరోజు కళ్లు కాయలు కాచేలా చూసి దిద్దుకున్న తప్పు. అంటే దిద్దకముందు ఫైలు బయటికి పోయింది. దిద్దకముందు ఫైలు రెండు చోట్లే ఉంది, తన టాబ్లెట్‌లో, రంగులు వేసే ఆయన టాబ్లెట్‌లో. ఈ సంగతి పెద్దాయనకి చెప్పింది కూడా తనే, పెద్ద డిటెక్టివులా, ఈనె మీద వేలు పెట్టి మరీ చూపించి. రెండు చోట్లు అని చెప్పినప్పుడు ఆ రెండింట్లో ఒకటి తనదని ఆమెకు తట్టనేలేదు. తనది తనదే కదా, తనని తను అనుమానించుకోవడం ఏమిటి?

ఎనిమిదేళ్లు పక్కబల్ల దగ్గర కూర్చున్నాడు రంగులాయన. దగ్గినా గోడవైపు తిరిగి దగ్గే మనిషి. మీరు పక్కనే ఉంటారుగా, ఏమంటారు ఆయన గురించి అని మేనేజరు పిలిచి అడిగితే ఏమో సార్, ఎవరి కడుపులో ఏముందో మనకేం తెలుస్తుంది అంది. ఏదో నోటికొచ్చిన మాట. చెడు చెప్పలేదు, మంచీ చెప్పలేదు, ఆ పూట తలనొప్పిగా ఉంది, త్వరగా బయటపడాలనిపించింది. మర్నాడు ఆయన్ని పనిలోంచి తీసేశారు, రంగుల నమూనా కార్డులు ఒక అట్టపెట్టెలో సర్దుకున్నాడు. సర్దుకుంటూ ఒకసారి ఆమె వైపు చూశాడు, ఆమె అప్పుడే చాలా ముఖ్యమైన గీత ఏదో గీస్తున్నట్టు వంగింది. పోయాడు. పోయిన రెండు నెలలకి ఇంకో డిజైను బజారులో తేలింది. ఆయనే ముందే అమ్మేసి ఉంటాడు అన్నారు కొందరు, కాదేమో అన్నారు కొందరు, ఎవరు చేశారో ఇప్పటికీ తేలలేదు. ఆ తర్వాతే ఈ తాళాలు, ఈ లెక్క కేబుళ్లు, ఈ ఎర్రగీతలు, పాతవాళ్లకి కూడా మళ్లీ హామీ కాగితాలు. అబ్బా ఇప్పుడెందుకివన్నీ, పదీ ఇరవై రెండు అయింది. ఆ ముక్కని సొరుగులోకి విసిరేసి ఫోన్ తీసింది.

కంప్యూటర్లు చూసే ఆయన ఇవాళే సెలవు పెట్టాడు, పన్ను వాచిందట. ఎనిమిదిసార్లు మోగాక ఎత్తాడు, బుగ్గలో దూది పెట్టుకున్న గొంతుతో. “ఆపి వేశారా అండీ?”

“వేశానండీ, రెండూ. అటు రంధ్రం, ఇటు రంధ్రం, పుల్లతో తుడవడం, సెట్టింగులు, అన్నీ అయ్యాయి. ఛార్జింగ్ ఎక్కుతోంది, లాప్‌టాప్‌కి మాత్రం కనపడట్లేదు. నా తల ప్రాణం తోకకొస్తోంది, పదకొండింటికి డీలర్లు.”

“కేబుల్ ఏ రంగండీ?”

“తెల్లది. మూతి దగ్గర ఎర్రచుక్క.”

ఫోన్ కట్టయిందేమోనని చెవినుంచి తీసి చూసింది, నిమిషాలు నడుస్తూనే ఉన్నాయి.

“అందులో రెండు తీగలేనండీ” అన్నాడు చివరికి. “కరెంటు పోయే తీగలు. ఫైళ్లు పోయే తీగలు ఆ రకంలో అసలు ఉండవు. పైకి చూస్తే తేడా తెలియదు. మీరు ఏం చేసినా కనపడదు.”

“ఓస్ అంతేనా! అయితే పొరపాటున వేరే రకం వచ్చిందన్నమాట నాకు. స్టోరులో మా వదినని అడిగి మార్పించుకుంటా.”

“పొరపాటు కాదండీ...” దూది సర్దుకున్న చప్పుడు. “హామీ సంతకం పడనివాళ్లకి ఆ రకమే ఇమ్మన్నారు. మీ టాబ్లెట్ నాకిస్తే నేను దగ్గరుండి ఫైళ్లు దింపాలని ఏర్పాటు. నేనేమో ఇవాళ ఇలా... మీ వదినగారు చెప్తానన్నారే. చెప్పలేదా?”

“ఎంతమందికి ఇచ్చారు తెల్లవి?”

“అవన్నీ నాకెందుకులెండి.”

“ఎంతమందికండీ?”

“మీ ఒక్కరికే” అన్నాడాయన, పన్ను నొప్పి పెట్టినవాడిలా.

ఫోన్ బల్లమీద పెట్టింది. ఎక్కడ పెట్టిందో చూసుకోలేదు, టాబ్లెట్ మీదే పెట్టేసింది. గుండె గుభేలుమనడం అంటారే, అలాంటిదేం కాలేదు, ముందు సిగ్గేసింది, ఒళ్లంతా సిగ్గేసింది, పక్కబల్ల పిల్లకి చుక్క చూపించి గొప్పలు పోయిన సిగ్గు. అవునా అక్కా అంది ఆ పిల్ల. తెలుసు దానికి. అందరికీ తెలుసు. ఐదు రోజులుగా ఈ గదిలో ఐదుగురూ నల్ల కేబుళ్లు పెట్టుకుని, తెల్ల కేబుల్ పెట్టుకుని మురిసిపోతున్న తనని చూస్తున్నారు. చూసి జాలిపడ్డారా, నవ్వుకున్నారా, ఏమో అనుకున్నాం నిజమేనన్నమాట అనుకున్నారా? నిన్న తను తేనీళ్ల దగ్గరికి వెళితే మాటలు ఆగిపోయాయి, ఆగిపోయాయని అప్పుడు తెలియలేదు, ఇప్పుడు తెలుస్తోంది. పందొమ్మిదేళ్లు. ఈ బల్లకి ఎడం మూల పెచ్చు ఊడింది తన మోచెయ్యి ఆని ఆని. ఈ కంపెనీ టైళ్లు పరిచిన ఇంట్లోకి అడుగుపెడితే చెప్పులు విప్పి, ఇది నేను అతికించిన అంచు అని కాలివేలితో తడిమి చూసుకునే మనిషి తను, తను దొంగా? పోనీ పెద్దాయన అనుకున్నాడు, మేనేజరు అనుకున్నాడు, వాళ్లకేం, వాళ్లు గేటుకి తాళం వేశాక తాళాన్ని కూడా అనుమానించే రకం. కానీ తన హామీ కాగితం సంతకానికి పెద్దాయన దగ్గరికి పోలేదుగా. మేనేజరు దగ్గరికీ పోలేదు. కొత్త హామీ కాగితాలు పంచిన రోజు కళ్లముందుకొచ్చింది, స్టోరు గుమ్మంలో నిలబడి ఉన్నారిద్దరూ, వదినా నాది నువ్వు పెట్టెయ్, నీది నేను పెట్టేస్తా, గొడవ వదిలిపోతుంది అని తనే అంది, ఎడంచేత్తో తేనీళ్ల గ్లాసు పట్టుకుని కుడిచేత్తో అక్కడికక్కడే గోడకానించి వదిన కాగితం మీద గీకిపారేసింది, సిరా అందక రెండోసారి దిద్దింది కూడా. తన కాగితం వదిన చేతికిచ్చింది. ఇచ్చి మర్చిపోయింది. అన్నం తిన్నాక చెయ్యి కడుక్కున్నామా లేదా అని ఎవరైనా గుర్తు పెట్టుకుంటారా, అలా మర్చిపోయింది.

కాదు, అలా అయ్యుండదు. ఆ మనిషి చెయ్యదు. కాగితం ఎక్కడో పడిపోయి ఉంటుంది, స్టోరులో రోజుకి వంద కాగితాలు, ఏ జిగురు డబ్బాకో అంటుకుపోయి ఉంటుంది. పడిపోతే మళ్లీ అడిగేదిగా. మర్చిపోయి ఉంటుంది. మర్చిపోతే ఈ తెల్ల కేబుల్ ఇచ్చేటప్పుడు గుర్తుకు రాదా, ఇది ఎవరికి ఇస్తారో తెలిసే ఇచ్చిందిగా, తెలిసీ నీకోసం వేరేగా తీసి ఉంచానే అందిగా. ఆ చుక్క! ఎవరూ కొట్టెయ్యకుండా కాదు, దేంట్లోనూ కలిసిపోకుండా. తిరిగి స్టోరుకి వచ్చినప్పుడు ఇది ఆ రకం అని తెలియడానికి. ఆ రంగేసేటప్పుడు ఏమనుకుంది, కుంచె సీసా అంచుకి రాసి, కూర్చుని, ఊదుకుంటూ ఆరబెట్టిందా? లేచి ఏం చెయ్యాలో తెలియక మళ్లీ కూర్చుంది. దొంగ అనిపించుకున్నందుకు కాదు ఈ మంట, ఆ మాట ముద్దుచేసి చేతిలో పెట్టినందుకు. ఎదురుగా నిలబడి నిన్ను నమ్మనే అంటే తిట్టుకుని, ఏడ్చి, అన్నయ్యకి చెప్పి, వారంలో మళ్లీ డబ్బాలు కలుపుకునేవాళ్లు. ఐదు రోజులు పక్కన కూర్చుని తింది. నిన్న మధ్యాహ్నం ఆఖరి ముద్ద నువ్వు తినవే అని తన డబ్బాలో వేసింది.

పదీ ముప్ఫై ఎనిమిదికి తలుపు తెరుచుకుంది. వదిన. మెట్లెక్కిన ఆయాసం, చేతిలో నల్ల కేబుల్, ఇంకో చేతిలో స్టోరు పుస్తకం. “కంప్యూటర్లాయన ఫోన్ చేశాడు” అంది గుమ్మంలోనే. “ఇదిగో, దీనితో అవుతుంది. ముందు పని కానీ.”

“సంతకం ఎందుకు పెట్టలేదు వదినా?”

“ఇప్పుడవన్నీ ఎందుకే, డీలర్ల కార్లు కూడా వచ్చేశాయి కింద.”

“పెట్టలేదా, మర్చిపోయావా? మర్చిపోయానని చెప్పు. నమ్ముతాను.”

నిజంగానే నమ్మేది. ఆ క్షణంలో వదిన నోటినుంచి ఎలాంటి అబద్ధం వచ్చినా రెండు చేతులా పట్టుకునేది. వదిన పుస్తకం ఒక చేతినుంచి ఇంకో చేతికి మార్చుకుంది, అన్నయ్యకి మందుల పేర్లు మార్చి చెప్పడం తప్ప ఏ విషయంలోనూ అబద్ధమాడటం సరిగ్గా రాని మనిషి.

“మర్చిపోలేదు” అంది. “మూడు రోజులు నా సంచిలోనే ఉంది. తీశాను, పెట్టాను, తీశాను, పెట్టాను. ఈసారి కాగితం పాతది కాదే, చూడకుండా పెట్టావు నువ్వు. అవతలివాళ్లు తప్పు చేస్తే సంతకం పెట్టినవాళ్లు కూడా ఇంటికే అని రాశారు. మీ అన్నయ్య సంగతి తెలుసుగా. నేను కూడా ఇంట్లో కూర్చుంటే ఎలాగే?”

తను చదవలేదు. చదివినా పెట్టేది. ఆ సంగతి చెప్పాలనిపించింది, చెప్తే ఎత్తిపొడిచినట్టుంటుందని చెప్పలేదు. పోనీలే, భయం, భయమంటే అర్థం చేసుకోవచ్చు, ఇల్లు గడవాలి, భయాన్ని క్షమించెయ్యొచ్చు, ఇంకో పది నిమిషాలుంటే క్షమించేసేదే. అయినా అడగకుండా ఉండలేకపోయింది.

“భయం సరే. నేను చేశాననుకున్నావా?”

“ఛ, చేశావని ఎందుకనుకుంటాను?”

“మరి?”

వదిన నేలమీది టైళ్ల వైపు చూసింది. “చెయ్యలేదని మాత్రం నాకేం తెలుస్తుంది అమ్మాయ్?” అంది, తగ్గు గొంతుతో, చాలా నిజాయితీగా.

ఆ మాట విన్నట్టే ఉంది ఎక్కడో. ఎక్కడో ఏమిటి, మేనేజరు గదిలో, తన గొంతుతోనే. రంగులాయన అట్టపెట్టె పట్టుకుని చూసిన చూపు ఒక్కసారి వచ్చి నిలబడింది. పో అవతలికి, అది వేరు, ఆయన పక్కబల్ల, అంతే, ఆయన తల నేను దువ్వానా, ఆయన డబ్బాలో ముద్ద నేను తిన్నానా? ఇది వదిన. నాకంటే బాగా ఎవరికి తెలుసు సార్ అని తను అన్న వదిన. పదకొండేళ్లు ఒక్కచోట కూర్చుని తిని, ఆపరేషన్ అయిన ఒంటిని చూసి, పిల్లలకి చెప్పని సంగతులు విని, ఆమెకి తెలియదట. ఒక కాగితం దగ్గరికొచ్చేసరికి తెలియదట. కళ్లు మండాయి, కానీ ఆ మనిషి ముందు కన్నీళ్లు పెట్టుకోకూడదని పంతమొచ్చింది, మామూలుగా అయితే ఏడవడానికి వెతుక్కునేది ఈ మనిషినే.

చెయ్యి చాచి నల్ల కేబుల్ తీసుకుంది. రెంటినీ పక్కపక్కన పెడితే రంగు తప్ప ఏ తేడా లేదు, అదే లావు, అదే మూతి. పెట్టింది. చప్పుడైంది, పెట్టె తెరుచుకుంది, పద్నాలుగు పేర్లు వరసగా కనిపించాయి. ఈ ఏడు నెలల్లో మొదటిసారి వాటిని చూస్తే ఏమీ అనిపించలేదు. పదీ నలభై ఆరు. వదిన ఇంకా కుర్చీ వెనకే నిలబడి ఉంది.

“నువ్వెళ్లు వదినా. అయ్యాక నేనే తెచ్చిస్తాను.”

“లేదే, ఇది మళ్లీ నా చేతికి వచ్చేదాకా నేనిక్కడే ఉండాలి. పుస్తకంలో రాయాలి.”

“ఏం రాయాలి?”

“ఏం లేదు. ఎన్ని ఫైళ్లు పోయాయో... ఊరికే, పద్ధతి.”

అంచులక్క పక్కబల్ల కుర్చీ కాలితో లాగి దగ్గరికి నెట్టింది. “అయితే కూర్చో” అంది. “అంత దూరం నుంచి ఏం కనపడుతుంది? పద్నాలుగున్నాయి, దగ్గరగా కూర్చుని లెక్కపెట్టుకో. దొంగ చేతులు, మళ్లీ నీమీదికొస్తుంది.” గుచ్చుకోవాలనే అంది. గుచ్చుకుని వదిన ఛీ అవేం మాటలే అంటుందని, ఆ పుస్తకం బల్లమీద పడేసి అటు తిరుగుతుందని, కనీసం మనసు చివుక్కుమని మెట్లు దిగిపోతుందని. ఆ ఒక్కటీ చేస్తే చాలనుకుంది, మిగతాదంతా ఎలాగోలా తను మింగేస్తుంది.

వదిన కూర్చుంది. కొంగుతో కళ్లద్దాలు తుడుచుకుని పెట్టుకుంది. పుస్తకం ఒళ్లో తెరిచి తెర దగ్గరికి వంగింది. ఒక్కో ఫైలూ ఇటు వచ్చి పడుతుంటే పెదాలు మెల్లగా కదిలాయి, ఒకటి, రెండు, మూడు. మధ్యలో ఒక పెద్ద ఫైలు కాసేపు ఆగింది, వదిన వేలు కూడా గాలిలో దానికోసం ఆగింది. పద్నాలుగు రాసి, కింద గీత గీసి, తలెత్తింది.

“ఇంకేం లేవుగా?” అనడిగింది.